నేను బాగుచేసిన ఐసు మిషను

పాప ఇప్పుడు బాగుంది. ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఇలాంటివి చదివేటప్పుడు నాకు చివరిదాకా ఆగే ఓపిక ఉండదు, బిడ్డ బతికిందా లేదా అని ముందు ఆఖరి పేరా చూస్తాను. బతికింది. అన్నం తింటోంది, అల్లరి చేస్తోంది, పక్కింటి పిల్లితో తగాదా పడుతోంది. నేను కూడా మామూలుగా డ్యూటీకి వెళ్ళొస్తున్నాను. చూసేవాళ్ళకు మా ఇంట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. జరిగింది. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు చదివితే మంచిదని రాస్తున్నాను. నా మనసు కుదుటపడుతుందేమోనన్న ఆశ కూడా లేకపోలేదు.

ఏప్రిల్, ఆదివారం

మాది బైలడీల కొండల కింద మైనింగ్ టౌన్‌షిప్. ఇనుప గని కొండ మీద, క్వార్టర్లు కొండ కింద. పైన వర్క్‌షాపులో నేను ఖనిజం మోసే డంపర్లు బాగుచేసే మెకానిక్‌ని. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను. నా భార్య సునీతదీ అటు పక్క ఊరే. మాకు ఒక్కతే పాప, లాస్య. ఆ ఆదివారానికి దానికి నాలుగేళ్ళు నిండాయి.

మా కాలనీలో ఏ వేడుక జరిగినా ఒక పద్ధతుంది. పొద్దుటి షిఫ్టు వాళ్ళ బస్సు కొండ దిగేదాకా భోజనాలు మొదలుపెట్టరు. పైన ఎర్రదుమ్ములో పనిచేస్తున్నవాణ్ణి వదిలేసి కింద విస్తళ్ళు వేసుకోవడం మర్యాద కాదని మా నాన్నల కాలం నుంచీ ఉన్న మాట. రెండింటికి షిఫ్టు దిగుతుంది, మూడింటిలోపు బస్సు గేటు దగ్గరుంటుంది. పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు. పిల్లలు ఓర్చుకోలేరు కాబట్టి వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి మాయచేస్తారు. మా చిన్నప్పుడు మరమరాల ఉండ పెట్టేవారు. ఈ కాలం పిల్లలకు మరమరాలు కంటికి ఆనుతాయా? అందుకని స్లష్ మిషను పెట్టించాం. రంగు నీళ్ళను తిప్పి తిప్పి మెత్తటి మంచు చేసి గ్లాసులో పోసే మిషను అది.

మిషను లచ్చయ్యది. భోపాల్‌పట్నం మనిషి, యాభై దాటినవాడు. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ దాన్ని ఆటోలో వేసుకుని తిరుగుతుంటాడు. పాపకు ముందు పళ్ళు పుచ్చిపోయాయని సునీత చక్కెర లేని రకమే కావాలని అడిగింది. లచ్చయ్య తెచ్చాడు గానీ అతనికి అది కొత్త. చక్కెర కలిపిన నీళ్ళయితే మెత్తగా నిలుస్తాయి, చక్కెర లేకపోతే రాయిలా బిగుసుకుంటాయి. బిగుసుకోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు. ఆ డబ్బా, దానికో కొలత మూత విడిగా ఇచ్చారు అతనికి, సరుకు అమ్మినవాళ్ళు.

ఒంటిగంటన్నరకు మిషను మూలిగి ఆగిపోయింది. పిల్లలు ఖాళీ గ్లాసులు పట్టుకుని గోల మొదలుపెట్టారు.

"ఏందో సారూ, గడ్డ కడ్తాంది. సక్కెరది ఎన్నడు గిట్ల చెయ్యలె," అన్నాడు లచ్చయ్య.

ఎక్కడైనా మిషను ఆగితే నా చేతులు ఊరుకోవు. కొత్త చొక్కా చేతులు మడిచి పక్క రేకు విప్పాను. మోటారుకేమీ కాలేదు, లోపల తిప్పే మర మంచులో ఇరుక్కుంది. లచ్చయ్య గ్లిజరిన్ డబ్బా నా చేతికిచ్చాడు.

"దీని మీద ఏందో ఇంగ్లీషుల రాసుంది సారూ. మీరు సదివి ఎంత పొయ్యాల్నో సెప్పున్రి."

వర్క్‌షాపులో నా కింద పనిచేసేవాళ్ళకు నేను రోజూ పాడే పాట ఒకటే: డబ్బా మీద రాసింది చదవకుండా మూత తిప్పొద్దు. తప్పుడు నూనె పోసి ఇంజను పాడుచేసినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి తిట్టినవాణ్ణి. అదే నేను ఆ రోజు చదవలేదు. గ్లిజరిన్ కదా, అదేం విషమా అనుకున్నాను. చిన్నప్పుడు నోరు పూస్తే మా అమ్మ అదే పూసేది, తియ్యగా ఉండేది. పైగా రేడియేటర్లలో కూలెంట్ పోసీ పోసీ అలవాటైన చెయ్యి. గడ్డ కడుతోందా, ఇంకొంచెం పొయ్యి. నాకు తెలిసిన వైద్యం అంతే. కొలత మూత పక్కన పెట్టి స్టీలు చెంబుతో ఒంపాను. ఒక చెంబు పోశాను, చాలదనిపించి ఇంకో సగం పోశాను.

కాసేపటికి మర కదిలింది. నీలం రంగు మంచు మెత్తగా సుడి తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మొదటి గ్లాసు పుట్టినరోజు పాపకే అని నా చేత్తో నేనే పట్టి ఇచ్చాను. అది తాగి, నీలం నాలుక బయటపెట్టి అందరికీ చూపించి, ఇంకో గ్లాసు అడిగింది. అదీ ఇచ్చాను. పొద్దున తలంటు పోసి గుడికి తీసుకెళ్ళిన హడావుడిలో అది సగం ఇడ్లీ మాత్రమే తిన్నదన్న సంగతి నాకు గుర్తులేదు.

ఆ రోజు బస్సు ఆలస్యమైంది. ఘాట్ రోడ్డు మీద లారీ అడ్డం తిరిగిందట. మూడయింది, మూడుంపావయింది. లాస్య నా ప్యాంటు పట్టుకుని, "నాన్నా, నిద్రొస్తోంది," అంది. పొద్దుటి నుంచీ గెంతుతోంది కదా అనుకున్నాను. ఎత్తుకెళ్ళి లోపల మంచం మీద పడుకోబెట్టాను. కేకు కొయ్యాల్సిన పిల్ల నిద్రపోయిందని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడున్నరకు బస్సు హారను వినబడింది. సునీత పాపను లేపడానికి లోపలికి వెళ్ళి కేక వేసింది. "ఏటండీ ఇది! బేగి రండి! పిల్ల లెగట్లేదు!"

ఒళ్ళంతా చెమట. జ్వరం లేదు, చెయ్యి చల్లగా ఉంది. ఎత్తితే తల వాలిపోయింది. మా దగ్గర ఏం వచ్చినా మొదటి అనుమానం దోమ మీదికే పోతుంది. ఎవరో మలేరియా తలకెక్కిందన్నారు, ఎవరో అరికాళ్ళు రుద్దమన్నారు. రుద్దాం. రుద్దుతూ కొంతసేపు పోగొట్టుకున్నాం. ఆ కొంతసేపు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఎవరి కోసం అన్నం ఆపామో ఆ బస్సే మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అప్పుడే దిగుతున్నవాళ్ళు మళ్ళీ ఎక్కారు. హెల్మెట్లు తీయలేదు, మొహాలు కడుక్కోలేదు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ వేలిమీద సూది గుచ్చి, చిన్న మిషనులో అంకె చూసి, నర్సుతో గట్టిగా ఏదో చెప్పింది. పాప రక్తంలో చక్కెర అడుగంటిపోయింది. గ్లూకోజు ఎక్కించడం మొదలుపెట్టి మమ్మల్ని బయటికి పంపారు. తలుపుకున్న గాజుపలకలోంచి దాని కొత్త గౌను అంచు మాత్రం కనబడేది. నేను ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగలనని పేరున్నవాణ్ణి. ఆ తలుపు బయట నా చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వరండా నిండా షిఫ్టు వాళ్ళ బూట్ల ఎర్రమరకలు పడ్డాయి. వాళ్ళలో ఒకాయన ఆయాను గుడ్డ అడిగి తీసుకుని ఆ మరకలన్నీ తనే తుడిచాడు. ఆయనకు చెయ్యడానికి ఒక పని దొరికిందని నాకు అసూయ కలిగింది.

లోపల డాక్టరమ్మ అడుగుతూనే ఉంది. "బేటా, నీ పేరేంటి? మీ నాన్న ఏం చేస్తాడు?" జవాబు లేదు. కాసేపాగి మళ్ళీ అదే ప్రశ్న. తర్వాత బయటికొచ్చి ఏం తాగిందని నన్ను అడిగింది. చెప్పాను.

"చక్కెర లేనిదా? అందులో గ్లిజరిన్ ఉంటుంది. చిన్నపిల్లల ఒంట్లో చక్కెరను పడగొడుతుంది అది. ఎంత కలిపారు?"

సునీత నా పక్కనే ఉంది. లచ్చయ్య దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు, మెడలో తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని.

"డబ్బా మీద రాసినంతే కలిపుంటారు," అన్నాను.

కలిపుంటారట. ఎవరో కలిపినట్టు! నోట్లోంచి ఆ మాట అంత నున్నగా ఎలా జారిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. లచ్చయ్య తలెత్తి నన్ను ఒకసారి చూసి, మళ్ళీ దించుకున్నాడు.

మిగతా పిల్లలందర్నీ వెంటనే పిలిపించమంది డాక్టరమ్మ. పెద్దపిల్లలకేమీ కాలేదు. మత్తుగా ఉన్న ఇద్దరు చిన్నవాళ్ళు గ్లూకోజు తాగి, అన్నం తిన్నాక తేరుకున్నారు. మా పాప పొద్దుగూకే వేళకు కళ్ళు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ తెరిచినప్పుడు నీ పేరేంటని అడిగితే "నాన్న" అంది. అంతే అంది.

సోమవారం నుంచి

మూడు రోజులకు ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. డబ్బా మీద రాసిన కొలతకే ఈ పిల్లకు ఇంతగా చక్కెర పడిపోయిందంటే, తిన్నదాన్ని శక్తిగా మార్చుకోవడంలో పుట్టుకతోనే ఏదైనా లోపం ఉందేమో చూడాలి. విశాఖలో పెద్ద డాక్టరుకు చూపించండి. మీ ఇళ్ళలో చిన్నప్పుడే పోయిన పిల్లలెవరైనా ఉన్నారా?

సునీత మొహం తెల్లబోయింది. "మా తమ్ముడు. మూడేళ్ళప్పుడు. నిద్దర్లోనే పోయాడు."

అప్పుడైనా చెప్పాల్సింది. డాక్టరుగారూ, ఆ కొలత అబద్ధం, చెంబున్నర పోసింది నేను, అని ఒక్క ముక్క. చెప్పకుండా ఆవిడ ఇచ్చిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. పాప గండం గట్టెక్కింది కదా, రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు మూడు వారాలు సాగింది.

ఆ మూడు వారాలు మా ఇల్లు ఎలా ఉందంటే, నవ్వితే తప్పేమో అన్నట్టుంది. సునీత రెండు గంటలకోసారి పాప నోట్లో ఏదో ఒకటి కుక్కేది. పాప వద్దని ఏడిస్తే తనూ ఏడ్చేది. పగలు పాప కునికితే భుజాలు పట్టి ఊపేది. ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకు ఫోను చేసి, తమ్ముడు పోయిన రోజు ఏం తిన్నాడు, ఎప్పుడు పడుకున్నాడు అని గుచ్చి గుచ్చి అడిగేది. పాతికేళ్ళ కింద పోయిన కొడుకు గురించి ఆ ముసలామె ఏం చెబుతుంది, అట్నుంచి ఏడుపే వినిపించేది.

"నా రక్తంలోనే ఉందండీ ఇది," అంది ఒక రోజు చేట ముందు కూచుని. "మా అమ్మకి అలగయింది, ఇప్పుడు నాకు. దీనికి మళ్ళీ బిడ్డలు పుడితే ఆళ్ళకీ అంతేనేమో."

"ఛ, అలాంటిదేం ఉండదు," అన్నాను.

"మీకెలా తెలుసు?"

నాకెలా తెలుసో చెప్పలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూచున్నాను.

ఇంతలో కాలనీవాళ్ళు లచ్చయ్యను గేటు లోపలికి రానివ్వొద్దని తీర్మానించుకున్నారు. గుంపులో ఒకడు అతని మిషను మీద రాయి కూడా వేశాడట. నేను ఆ మాట విని డ్యూటీకి వెళ్ళిపోయాను.

మే నెల, విశాఖ

కొండల మీదుగా పోయే రైల్లో వెళ్ళాం. పాప సొరంగాలు లెక్కపెడుతూ కూచుంది. ప్రతి సొరంగంలో చీకటి పడగానే సునీత దాని చేతిమీద చెయ్యి వేసి, ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో చూసేది.

ఆస్పత్రి హాల్లో టోకెను పట్టుకుని రెండు గంటలు కూచున్నాం. మా ముందు వరసలో ఒకావిడ ఏడేళ్ళ కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంది, వాడికి పుట్టుకతోనే ఇలాంటి జబ్బట. మా పాప గోల చేస్తే ఆవిడ సంచీలోంచి మరమరాల పొట్లం తీసి ఇచ్చింది. "మావాడికి పడవమ్మా, నువ్వు తిను," అంది. నిజంగా జబ్బున్న బిడ్డ తల్లి, లేని జబ్బుకు టోకెను తీసుకున్న మాకు తిండి పెట్టింది. ఆ మరమరాలు నేను తినలేకపోయాను.

పెద్ద డాక్టరు నెరిసిన జుట్టాయన. కాగితాలన్నీ చదివి, రక్తం తీయించమని రాసి, అప్పుడు పాపను దగ్గరికి పిలిచాడు. ఆయన అడిగింది మమ్మల్ని కాదు, దాన్ని.

"ఏమ్మా, ఆ రోజు ఏం తాగావు?"

"నీలం ఐసు." దానికి హుషారొచ్చింది. "మిషను చెడిపోతే మా నాన్నే బాగుచేశాడు! చెంబుతో డబ్బాలోది పోశాడు, ఇంతా. గిరగిరా తిరిగింది. నాకే ముందిచ్చాడు."

చేతులు చాచి ఎంత పోశానో చూపించింది. దాని మొహంలో ఉన్న గర్వం చూడలేక తల దించుకున్నాను. అన్నాళ్ళూ నేను దాచిందాన్ని అది బహుమతిలా తీసి బల్ల మీద పెట్టింది.

"ఎంత పోశారు?" అన్నాడు డాక్టరు, మెల్లగా.

"చెంబున్నర."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఈ ముక్క కాగితాల్లో లేదే," అన్నాడు. "అంత పోస్తే ఏ లోపమూ లేని పిల్లకైనా ఇలా కావచ్చు. రిపోర్టులు రానివ్వండి, కానీ నాకు భయం లేదు."

సునీత బయట బెంచీ మీద కూచుని పాప చెప్పు బకిలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. నావైపు చూడకుండానే అంది.

"మూడు వారాలు మా తమ్ముణ్ణి మళ్ళీ పాడె మీద పడుకోబెట్టాను. మా అమ్మ చేత మళ్ళీ ఏడిపించాను. చక్కెర వద్దన్నది నానేనని ఒకపక్క, నా రక్తమేనని ఒకపక్క చచ్చిపోయాను. మీరు ఎదురుగా కూచుని బియ్యం ఏరారు."

తప్పయిందన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక తెలిసింది.

జూన్, తొలకరి

రిపోర్టులు వచ్చాయి. పాపకు ఏ లోపమూ లేదు. సునీత ఆ కాగితం ఫొటో తీసి వాళ్ళమ్మకు పంపింది. ఫోనులో ఇద్దరూ ఏమనుకున్నారో నాకు తెలియదు, నేను వాన చూస్తూ బయటే నిలబడ్డాను.

తర్వాతి ఆదివారం సంతలో లచ్చయ్యను వెతికి పట్టుకున్నాను. మిషను మూలపడేసి నిమ్మకాయ సోడా అమ్ముతున్నాడు. కాలనీలో అందరికీ నిజం చెప్పేశానని, గేటు దగ్గర ఇక ఎవరూ ఆపరని, అంతా తలవంచుకునే చెప్పాను. మరి ఆ రోజే అతనెందుకు నోరు విప్పలేదని అడిగాను.

"ఏం సెప్పాలె సారూ? మీ బిడ్డ లోపట గట్ల పడి ఉండె. గప్పుడు మీ పేరెట్ల తీస్త?" సోడా కొట్టి నా చేతిలో పెట్టాడు. "ఇది తాగున్రి. సక్కెర ఏసిన, ఉప్పు ఏసిన, ఇంకేం లేదు."

ఇక చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. చక్కెర లేనిది కదా మంచిదేలే అనుకుని చిన్నపిల్లలకు స్లష్ పొయ్యకండి. అందులో గ్లిజరిన్ ఉందేమో ముందు అడగండి, ఉంటే ఏడెనిమిదేళ్ళలోపు వాళ్ళకు అసలే వద్దు. పెద్దపిల్లలకైనా అన్నం తిన్నాక, ఒక్క గ్లాసు చాలు. మంచే కావాలంటే ఇంట్లో పండ్లరసం గడ్డకట్టించి గీకి పెట్టండి. తాగిన పిల్ల కాసేపటికి మత్తుగా, చెమటగా, చల్లగా అయితే అలిసిపోయిందని జో కొట్టకండి, ఆస్పత్రికి పరిగెత్తండి. ఏం తాగిందో, ఎంత తాగిందో, అందులో ఎవరు ఏం పోశారో దాచకుండా చెప్పండి. మా కాలనీలో ఇప్పుడు బస్సు కోసం పెద్దవాళ్ళే ఆగుతున్నారు. పిల్లలకు పన్నెండింటికే అన్నం పెట్టేస్తున్నాం.

సునీత నాతో మాట్లాడుతోంది. ఏం కూర అంటే చెబుతుంది. కొన్నిసార్లు మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతుంది. నేనూ తవ్వను.

పాప మాత్రం మారలేదు. బొమ్మ విరిగినా, సైకిలు గంట మోగకపోయినా నా దగ్గరికే తెస్తుంది. కానీ మధ్యాహ్నం పూట అది పడుకుంటే మాటిమాటికీ వెళ్ళి దాని ఒళ్ళు తడిమి చూస్తాను. రిపోర్టుల సంగతి మనసుకు తెలుసు, చేతులకు తెలియదు. నిన్న కూడా మంచం పక్కన చేరి, దాని నుదురు ముట్టుకుని, ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగినట్టే అడిగాను.

"నీ పేరేంటి?"

"నిద్దరపోనీ నాన్నా!"

"పోదువుగాని. చెప్పి పడుకో. నీ పేరేంటి? మీ నాన్న ఏం చేస్తాడు?"

కళ్ళు తెరవకుండానే, సగం నిద్రలో చెప్పింది. "లాస్య. మా నాన్న అన్నీ బాగుచేస్తాడు."